ఇనప్పెట్టెలో ఈల

జూన్ 3

చిన్నోడా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. తిట్లున్నాయి.

నిన్న మా లాండ్రీ భోజనాల గదిలో మడతల పిన్ని తన ఫోను నా ముక్కు కింద పెట్టింది. "అక్కా, వీడు మీవాడా, నగల కొట్టు ముందు నిలబెట్టే బొమ్మా?" అంది. చూస్తే నువ్వే. మెడలో తెర లాగే తాడంత గొలుసు. దాని చివర వజ్రాలు పొదిగిన ఈల బొమ్మ. ఒక చేతికి గడియారం, ఇంకో చేతికి కడియం. వెనకాల బీరువా తలుపు బార్లా తీసి ఉంది, అందులో ఇంకా నాలుగు పెట్టెలు. ఇరవై ఏడేళ్ళ మగపిల్లాడివి. మన ఏడు తరాల ఆడవాళ్ళని వరసగా నిలబెట్టినా అంత బంగారం లేదు.

పిన్ని ఊరుకుంటుందా! "గోల్ కీపరన్నావు, ఇంత బరువేసుకుని ఎలా ఎగురుతాడు?" అంది. ఆటలో తీసేస్తారని చెప్పాను. "మరి పెట్టుకునేదెప్పుడు?" అంది. బస్సు దిగి లోపలికి నడిచేంతసేపూ అన్నాను. గదంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను.

ఇప్పుడు అసలు మాట. నీ ఆట ఏ రోజు, ఏ ఊళ్ళో, ఎన్ని గంటలకో పేపర్లో వేస్తారు. పేపరు దొంగలు కూడా చదువుతారు. టీవీలో నువ్వు కనపడుతున్నావంటే ఇంట్లో లేవనేగా అర్థం? దొంగ చేతికి తాళాలిచ్చి, గుమ్మం దాకా దారి కూడా చూపించినట్టుంది నీ వ్యవహారం. నువ్వు అక్కడ గోలు కాస్తుంటే ఇక్కడ నీ ఇల్లెవడు కాస్తాడు?

ఇరవై రెండేళ్ళుగా లాండ్రీలో నా పని ముందు జేబులు వెతకడం, తర్వాత ఇస్త్రీ. హోటళ్ళలో దిగేవాళ్ళు ఏది ఎక్కడ దాచి మరిచిపోతారో నాకు తెలిసినంత పోలీసులకు కూడా తెలియదు. దిండు గలీబులో, పరుపు కింద, కోటు లోపలి జేబులో. దొంగ కూడా అక్కడే చూస్తాడు. మాసిన సాక్సుల్లో మాత్రం ఎవడూ చెయ్యి పెట్టడు. నేను జీతమిస్తున్నారు కాబట్టి పెడుతున్నాను. నీ నగలన్నీ మాసిన సాక్సుల్లో కుక్కి బుట్ట అడుక్కి తొయ్యి. నీ సాక్సుల సంగతి నాకు తెలుసు, కుక్క కూడా దగ్గరికి రాదు.

ఫోను చేసి తిట్టొచ్చుగా అంటుంది పిన్ని. దానికేం తెలుసు. మీ అన్నయ్య పోయినప్పట్నుంచీ మన ఫోను ఎలా ఉంటుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. నువ్వు "అమ్మా" అంటావు, నేను "ఆఁ" అంటాను, ఆ తర్వాత ఇద్దరం ఊరుకుంటాం. కాగితం మీదైతే చెయ్యి ఆగదు. ఈ రాత కూడా వాడు పెట్టిన భిక్షే. చిన్నప్పుడు నేను వాడికి ముద్దలు తినిపించాను, పెద్దయ్యాక వాడు నాకు అక్షరాలు తినిపించాడు.

జేబులు వెతికే
నీ అమ్మ

ముందు పన్ను ఇంకా కదులుతూనే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళావా అని మళ్ళీ అడగకు.


జూన్ 11

అమ్మా,

కూర్చునే చదివాను. చదివాక లేచి బీరువా మూశాను. సరేనా?

నువ్వు అనుకున్నంత భయం లేదమ్మా. మాది ఆరో అంతస్తు. కింద కాపలా ఉన్నాడు, కెమెరాలున్నాయి. నేనొక్కడినే పెట్టుకుంటున్నానా? మా కెప్టెన్‌కి పదివేళ్ళకీ ఉంగరాలే, నీళ్ళ సీసా మూత తియ్యాలంటే పక్కవాడిని పిలుస్తాడు. ఇంకొకడు రెండు చేతులకీ రెండు గడియారాలు పెడతాడు. టైమెంతరా అని అడిగితే జేబులోంచి ఫోను తీసి చూస్తాడు. ఆటకు ముందు మా సామాన్ల బాబాయ్ గుడ్డ సంచి పట్టుకుని అందరి ముందుకీ వస్తాడు. ఒక్కొక్కరం తీసి అందులో వెయ్యాలి. ఆయన్ని చూస్తే నువ్వే గుర్తొస్తావు.

అయితే నువ్వన్నది పూర్తిగా కొట్టిపారెయ్యను. పోయిన నెల మేం పక్క ఊళ్ళో ఆడుతుంటే మావాడొకడి ఇంట్లో దొంగలు పడ్డారు. నాలుగు గడియారాలు పట్టుకుపోయారు. పోతూ పోతూ ఫ్రిజ్జులో పళ్ళరసం తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళారు. "అంత పద్ధతైన మనుషులు మళ్ళీ దొరకరు" అని వాడు బాధపడుతున్నాడు.

అందుకని నేనూ ఒక ఇనప్పెట్టె కొన్నాను. వంటింట్లో ఓవెన్ అంతే ఉంటుంది గానీ తలుపు అరచెయ్యి మందం. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అందులో పెట్టేశాను. మిగతా చిల్లరంతా నీ మాట ప్రకారం మాసిన సాక్సుల్లోకి పోయింది. ఇప్పుడు సంతోషమా?

ఒక్కటి మాత్రం మానలేదు. ప్రతి ఆటకీ బయల్దేరే ముందు అన్నయ్య ఈల ఒకసారి ముట్టుకుని వెళ్తాను. నువ్వు ఇచ్చిన రోజు నుంచి ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకేనేమో ఈ రెండేళ్ళలో నా వెనక వల పెద్దగా కదల్లేదు.

పన్ను చూపించుకో. అడగొద్దన్నావుగా, అడగట్లేదు, చెప్తున్నాను.

చిన్నోడు


జూన్ 20

సాక్సుల దొరగారికి,

మాట విన్నావు. నిన్ను కన్నందుకు ఇన్నాళ్ళకి ఒక్క మాట విన్నావు.

విలువైనదేదో ఇనప్పెట్టెలో పెట్టానన్నావు. ఏంట్రా అది? ఆ ఈల బొమ్మా, ఇంకేదైనా కోడిగుడ్డంత రాయి కొన్నావా? చెప్పకపోతే నేను ఊహించుకుంటూ కూర్చుంటాను, నా ఊహలో అది రోజుకింత పెరుగుతోంది.

ఇక్కడి కబుర్లు. మంగళవారం ఒక కోటు జేబులో కట్టుడు పళ్ళ సెట్టు దొరికింది. హోటల్‌కి ఫోను చేస్తే ఆ పెద్దమనిషి గదిలోంచి మాట్లాడుతున్నాడు, ఒక్క ముక్క అర్థం కాదు. ఆయనవే అని అప్పుడే తేలిపోయింది.

ఆవిరి గొట్టం చీలితే గంట మోగినా ఈ రొదలో వినపడటం లేదని సూపర్‌వైజరు కొత్త రూలు పెట్టింది. ఈల వినపడితే చాలు, ఎక్కడివాళ్ళక్కడ మెషీన్లు ఆపి పక్కకు జరగాలి. మెషీన్ల మామకి ఎర్ర ప్లాస్టిక్ ఈల ఇచ్చారు. మెడలో వేసుకుని ఛాతీ విరుచుకుని తిరుగుతున్నాడు. నీ ఫొటో చూసినట్టున్నాడు.

నీ ఉత్తరం ఇస్త్రీ బల్ల మీదే పెట్టుకుని చదివాను. అన్నయ్య ఈల ముట్టుకుని వెళ్తానని రాసిన చోట చెయ్యి ఆగిపోయింది. ఒక దిండు గలీబు కాలింది. ప్రతిసారీ ముట్టుకోవాలని ఏం లేదురా. పట్టే చేతులు నీవి, ఎగిరే కాళ్ళు నీవి. అది ఒట్టి రేకు.

కాల్చిన గలీబుకి సంజాయిషీ రాసుకోవాలి, ఉంటాను.

అమ్మ


జూలై 8

నా బంగారు కొండా,

దేవుడున్నాడు, మాసిన సాక్సులూ ఉన్నాయి!

పొద్దున్న టీవీలో నీ ఇల్లు చూపించారు. నువ్వు రెండో సగం ఆడుతుండగా దొంగలు పడ్డారట. లాండ్రీ వాళ్ళమని చెప్పి పైకెక్కి, చక్రాల బండిలో ఇనప్పెట్టె పెట్టి, పైన దుప్పటి కప్పి తోసుకుపోయారట. కాపలావాడు తలుపు కూడా పట్టుకున్నాడట! మా వృత్తికే మచ్చ. దుప్పటి ఎంత అడ్డదిడ్డంగా కప్పారో కెమెరాలో చూపించారు, మావాళ్ళెవరైనా చూస్తే అక్కడే పట్టేసేవాళ్ళు, అది లాండ్రీ చెయ్యి కాదు.

అంతలో ఆ టీవీ అమ్మాయి చెప్పింది, నగలన్నీ మాసిన సాక్సుల్లో భద్రంగా ఉన్నాయని, ఇలాంటి తెలివి ఎవరిచ్చారో అని. నేనే అని అరిచాను. మామ కుర్చీ ఎక్కి మరీ చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం అందరికీ మిఠాయి పంచాను. సూపర్‌వైజరు కూడా రెండు తీసుకుంది, గలీబు సంగతి ఎత్తలేదు.

నీ ఒంటికి ఏం కాలేదు. అది చాలు నాకు. వెంటనే రాయి.

గెలిచిన
అమ్మ


జూలై 14

అమ్మా,

నేను బాగున్నాను. అందరూ సాక్సుల జోకులు వేస్తున్నారు. నాకే నవ్వు రావట్లేదు.

నిన్నటి ఆటలో మూడు గోల్స్ వదిలేశాను. మూడోది నా చేతుల్లోంచే జారిపోయింది. వచ్చే ఆటలో ఇంకొకడిని నిలబెడతారేమో.

తర్వాత రాస్తాను.

చిన్నోడు


జూలై 20

చిన్నోడా,

ఆ నాలుగు ముక్కల ఉత్తరమేంటి? వజ్రాలున్నాయి, గొలుసుంది, గడియారముంది. ఆ ఇనప్పెట్టెలో పెట్టిన పెద్ద రాయి పోయిందని ఏడుస్తున్నావా? దాని కోసం చేతుల్లో బంతి వదిలేస్తావా?

నాకు ఒళ్ళు మండింది, దాచుకోను. మీ అన్నయ్య ఎలా బతికాడో మరిచిపోయావు. చిన్న మైదానంలో నలభై మంది పిల్లలకి బంతాట నేర్పేవాడు, వాడికేమో ఒకటే జత బూట్లు. అడుగు ఊడిపోతే తాడు కట్టుకుని పరిగెత్తాడు. నిన్ను గోలు ముందు నిలబెట్టి సాయంత్రాలు వందలసార్లు బంతి తన్నింది వాడు. ఎన్ని రాళ్ళు పోయాయో లెక్కపెట్టుకుంటూ కూర్చోడానికి కాదు నీకు ఆట నేర్పింది.

వాడుంటే నీ నెత్తిన ఒక్కటి వేసేవాడు. వాడు లేడు గనక నేను వేస్తున్నాను, అందినట్టు అనుకో.

అమ్మ


జూలై 27

అమ్మా,

అందింది. గట్టిగానే తగిలింది.

ఇనప్పెట్టెలో రాయి లేదు. అన్నయ్య ఈల ఉంది. మఖమల్ గుడ్డలో చుట్టి, అదొక్కటే పెట్టాను. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే విలువైనది అని రాశానే, అది అదే. నువ్వు వజ్రమనుకుంటావని నాకు తోచలేదు. నీకు తెలిసిపోతుందనుకున్నాను.

సాక్సుల్లో ఈల పెట్టడానికి మనసొప్పలేదమ్మా. వజ్రాలైతే సాక్సుల్లో ఉన్నా వజ్రాలే.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. పెద్ద జట్టులో చేరిన రోజు నీ మెడలో నేనే గొలుసేస్తానురా అని అన్నయ్య ఎప్పుడూ అనేవాడు. నేను చేరడానికి మూడు నెలల ముందు, ఆ వాన రోజు వాడి స్కూటరు జారింది. చేరిన రోజు నేనే వెళ్ళి కొనుక్కున్నాను. అద్దంలో చూసుకుంటే అన్నయ్య వేసినట్టు లేదు. ఇంకొంచెం పెద్దది కొన్నాను. అయినా లేదు. ఆ తర్వాత గడియారం. చివరికి ఆ ఈల బొమ్మ చేయించాను. ఎన్ని కొన్నా అదే వరస.

నిజం ఈల పోగొట్టుకుని, రాళ్ళ ఈల మిగుల్చుకున్నాను. నువ్వేమో మిఠాయి పంచావు. అందుకే చెప్పలేకపోయాను.

నన్ను క్షమించు.

చిన్నోడు


ఆగస్టు 3

నాన్నా,

రాళ్ళ కోసం ఏడుస్తున్నావని రాసినందుకు నా చెయ్యి విరిగిపోను. ఆ ఉత్తరం చింపేయ్.

ఈల గురించి బెంగ పెట్టుకోకు. పోతే పోయింది. రేకు ముక్కేగా. దాంట్లో ఏముంది. కడుపు నిండా తిను, నిద్రపో, బంతి పట్టుకో. ఇంకేం వద్దు.

పని ఎక్కువగా ఉంది.

అమ్మ


ఆగస్టు 9

అమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. రేకు ముక్కా? దాంట్లో ఏముందా? అది రాసింది నువ్వేనా? అన్నయ్య చొక్కా జేబులో దొరికిందని చెప్పి, ఏడుస్తూ నా చేతిలో పెట్టింది నువ్వు కాదూ?

నువ్వు వదిలేసినా నేను వదల్లేదు. మీరంతా టీవీలో చూసే ఉంటారు. ఆ ఈల తెచ్చిన వాళ్ళకి నా గొలుసులు, గడియారాలు, కడియం, రాళ్ళ ఈల అన్నీ ఇచ్చేస్తానని చెప్పాను. మాట ఇచ్చాను, వెనక్కి పోను.

ఆ మర్నాటి నుంచి మా మైదానం గేటు దగ్గర ఈలల తిరనాళ్ళే. ఇప్పటికి రెండు వందల పదకొండు వచ్చాయి. ప్లాస్టిక్‌వి, పిల్లలు ఊదే పీకల్లాంటివి, ఒకాయన వంటింట్లో కుక్కర్ ఈల పట్టుకొచ్చాడు. మీసాల ఇన్‌స్పెక్టరు ఒక్కోటీ ఊది చూస్తున్నాడు. ఇప్పుడు ఆయనకి ఎడమ చెవి వినపడదు, ఊరంతా కుక్కలు స్టేషన్ చుట్టూ చేరాయి.

అన్నయ్య ఈలకి కొసన పంటి గాట్లు ఉండేవి, గుర్తుందిగా, టీవీలోనూ అదే చెప్పాను. పిల్లలు తప్పు చేస్తే ఊదకుండా దాన్నే పట్టి కొరికేవాడు. అలాంటి గాట్లున్నవి రెండే రెండు మిగిలాయి. ఒకటి తెచ్చినవాడు నల్ల కళ్ళద్దాలాయన. "మీ అన్నగారంటే నాకు ప్రాణం" అని నా కంటే ఎక్కువ ఏడుస్తున్నాడు. రెండోది పాత ఇనుము కొనే ఒకావిడ తెచ్చింది. ఆవిడ అసలు ఏడవలేదు. "చూసుకుని చెప్పండి, కొట్టు తెరవాలి" అంది.

రెండూ ఒకేలా ఉన్నాయి. నా కళ్ళు నాకే చెప్పట్లేదు. వచ్చే సోమవారం లోపు తేల్చమన్నాడు ఇన్‌స్పెక్టరు. నువ్వు ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నావో, నీకు తెలిసి ఉంటుంది. గుర్తేదైనా ఉంటే రాయి. అది రేకు ముక్కే అనుకున్నా సరే, నా కోసం రాయి.

చిన్నోడు


ఆగస్టు 12
రేపటికే అందే పోస్టులో పంపుతున్నాను

చిన్నోడా,

ఇది కూడా కూర్చునే చదువు. ఈసారి తిట్లు నాకు.

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నీ ఉత్తరంలో దొంగ అన్న మాట వచ్చినప్పుడల్లా నేను కొంగు సర్దుకుంటున్నాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, మీ మీసాల ఇన్‌స్పెక్టరెంత. అసలు దొంగని నేనురా.

ఆ రోజు ఆసుపత్రి వాళ్ళు వాడి బట్టలు సంచిలో పెట్టి ఇచ్చారు. నాకు ఏడుపు కూడా రాలేదు. చొక్కా బయటికి తీశాను, చెయ్యి దానంతట అదే జేబులోకి పోయింది. ఎన్నేళ్ళ అలవాటు. వేళ్ళకి ఈల తగిలింది. అప్పుడొచ్చింది ఏడుపు.

ఆ ఈల నేను ఇంతవరకూ ఊదలేదు. ఎందుకో చెప్తే నవ్వుతావు, నవ్వు. వాడు చివరిసారి ఊదిన ఊపిరి ఏ కాస్తో లోపల మిగిలి ఉంటుందని. ఎవరైనా ఊదితే అది బయటికి పోతుందని. చదువుకోని మనిషిని, నాకు అలాగే తోచింది.

పెద్ద జట్టులో చేరేటప్పుడు నువ్వు అది అడిగావు. కాదనడానికి నోరు రాలేదు, ఇవ్వడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఒక్కసారైనా ఊదకుండా ఉంటావా? ఆటల సామాన్ల కొట్టుకి వెళ్ళి అలాంటిదే కొన్నాను. సోడా నీళ్ళలో ఉడకబెట్టాను, ఇటుక పొడితో రుద్దాను, ఇస్త్రీ పెట్టెతో రెండు దెబ్బలు వేశాను. గాట్లు మాత్రం ఎలా వస్తాయి? వాడికీ నాకూ ముందు పళ్ళ మధ్య ఒకటే సందు కదా. నేనే కొరికాను. గట్టిగా కొరికాను. పన్ను అప్పట్నుంచే కదులుతోంది. డాక్టరు ఎలా కదిలిందమ్మా అంటే ఏం చెప్పను, అందుకే వెళ్ళలేదు.

నీ చేతిలో పెట్టేటప్పుడు ఏడ్చానన్నావే, అది అబద్ధం చెప్తున్నందుకు.

రెండేళ్ళు నువ్వు దాన్ని ముట్టుకుని వెళ్ళావు. పోయిందని చేతిలో బంతి జారవిడుచుకున్నావు. ఇప్పుడు ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తానంటున్నావు. అంతా నేను కొట్లో కొన్న ఈల కోసం. నిజం చెప్తే అమ్మ అన్న మాట మీదే నీకు నమ్మకం పోతుందని భయపడ్డాను. రేకు ముక్క అని రాసింది ఆ భయమే. అసలుది నా బట్టల పెట్టెలో ఉంది, తెల్ల చేతిగుడ్డలో.

ఇప్పుడు నీ ఇన్‌స్పెక్టరుకి సాక్ష్యం కావాలిగా. దీంతోపాటు చిన్న పెట్టె పంపుతున్నాను. అందులో బట్టల సబ్బు బిళ్ళ ఉంది. ముందు పళ్ళతో కొరికి పంపాను. ఏ ఈల గాటు దానికి సరిపోతే అదే నేను నీకిచ్చినది. నోరంతా నురగ, పిన్ని చూసి మూర్ఛ అనుకుని తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదని చెప్పాలనుంది. కానీ నువ్వు మాటిచ్చావు. నేను మాట తప్పాను, నువ్వు తప్పకు.

కోపం వస్తే రానీ. ఉత్తరం మాత్రం మానకు.

అమ్మ


ఆగస్టు 20

దొంగమ్మా,

కోపం వచ్చింది. ఒక రోజంతా ఉంది. ఆ రోజు నీకు ఉత్తరం రాసి చింపేశాను. మర్నాడు సబ్బు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాక ఆ కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు.

ఇన్‌స్పెక్టరు సబ్బు బిళ్ళని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, "ముప్పై ఏళ్ళ సర్వీసులో కన్నతల్లి పంటి గాటు సాక్ష్యంగా రావడం ఇదే మొదలు" అన్నాడు. ముందు కళ్ళద్దాలాయన ఈల పెట్టి చూశాడు. సరిపోలేదు. ఆయన "అన్నగారూ" అని మళ్ళీ ఏడుపందుకోబోతే, ఇన్‌స్పెక్టరు సొరుగులోంచి ఇంకో సబ్బు తీసి, "నువ్వూ ఒకసారి కొరకవయ్యా" అన్నాడు. కొరక్క తప్పలేదు. ఆయన ఈల ఆయన సబ్బుకి అచ్చు గుద్దినట్టు సరిపోయింది! నోట్లోంచి బుడగలు వస్తుండగా లోపల కూర్చోబెట్టారు.

ఇనుము కొనే ఆవిడ తెచ్చిందే మనది. ఆ దొంగలు ఇనప్పెట్టె కోయించడానికి ఆవిడ కొట్టుకే తెచ్చారట. తలుపు ఊడదీసి మఖమల్ విప్పితే ఈల. ఇద్దరూ అక్కడే జుట్లు పట్టుకున్నారట, "వజ్రాలున్నాయన్నావు కదరా" అని. ఈల విసిరి పారేసి వెళ్ళిపోతే, ఆవిడ కుక్కల్ని తోలడానికి ఉంచుకుంది. టీవీ చూశాక తెచ్చింది. ఆవిడ చెప్పిన ఆనవాళ్ళతో ఆ ఇద్దరూ కూడా దొరికారు.

నగల పెట్టె ఆవిడ ముందు పెట్టాను. మాట మాటే కదా. ఆవిడ గొలుసు ఎత్తి చూసి, "వద్దు బాబూ, ఇది వేసుకుంటే రేపు దొంగలు నా ఇంటికొస్తారు. నా తూకం కాటా పాడైంది, కొత్తది కొనిపెట్టు, మా అమ్మాయికీ నాకూ ఆట చూపించు" అంది. రెండూ చేశాను. కాటా మీద నన్ను కూడా తూచింది, బరువు తగ్గాను అంది.

ఇప్పుడు ఆ ఈల నా చేతిలో ఉంది. అన్నయ్యది కాదు, ఒప్పుకుంటాను. మరి రెండేళ్ళుగా ప్రతి ఆటకీ ముందు నా వేలికి తగిలిన గాటు ఎవరిది? నీదేగా. పన్ను కదిలేలా కొరికావు నా కోసం. ఇది నాకే ఉండనీ. ఇనప్పెట్టె మాత్రం ఇంక కొనను.

మిగతా నగలన్నీ కొట్లో తిరిగి ఇచ్చేస్తున్నాను. మొట్టమొదట కొన్న సన్న గొలుసు ఒక్కటి ఉంచాను. అది నువ్వొచ్చి వెయ్యి. అన్నయ్య బదులు.

ఇంకొక్కటి. అసలుది ఒకసారి ఊది చూడమ్మా. అన్నయ్య ఊపిరి అంత తక్కువనుకుంటున్నావా? నలభై మంది పిల్లల్ని, రోడ్డు మీద పోయే రెండు బస్సుల్ని ఒక్క ఈలతో ఆపినవాడు వాడు.

ఆదివారం మళ్ళీ నన్నే నిలబెడుతున్నారు.

చిన్నోడు


సెప్టెంబరు 2

నా గోలు కాసే కొడుక్కి,

ఆదివారం నాకు డ్యూటీ పడింది. భోజనాల గది తలుపు తెరిచిపెట్టి, టీవీ నా ఇస్త్రీ బల్లకి కనపడేలా మామ తిప్పి పెట్టాడు. జేబులో తెల్ల చేతిగుడ్డ ఉంది. అంతకుముందు రోజే పన్ను పీకించాను. ఎలా కదిలిందమ్మా అని డాక్టరు అడిగితే నిజమే చెప్పాను. ఆయన నవ్వి నవ్వి పట్టకారు కింద పెట్టేశాడు. ఇంక నా సాక్ష్యం ఏ స్టేషన్లోనూ చెల్లదు.

ఆట చివర్లో అవతలివాడు ఒక్కడే బంతి పెట్టుకుని నీ ఎదురుగా నిలబడ్డాడు. నువ్వు చేతులు చాపావు. పిన్ని కళ్ళు మూసుకుంది. నేను చేతిగుడ్డ విప్పాను. ఎందుకు విప్పానో అడగకు. వాడు తన్నాడు, నువ్వు ఎగిరావు, బంతి నీ గుండెల మీద ఉంది. నా నోట్లో ఈల ఉంది. పన్ను ఊడిన సందులో సరిగ్గా కూర్చుంది.

ఊదేశానురా.

ఎక్కడివక్కడ మెషీన్లు ఆగిపోయాయి. ఆవిరి గొట్టం చీలిందనుకుని మామ మీటలన్నీ కిందికి లాగేశాడు. పిన్ని దుప్పట్లు విసిరేసి బల్ల కింద దూరింది. సూపర్‌వైజరు చెప్పులు వదిలి పరిగెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆ గది అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. ఆ నిశ్శబ్దంలో ఈల మోత ఇంకా గోడలకి కొట్టుకుంటోంది.

అయిపోయింది, వాడి ఊపిరి పోయింది అనుకున్నాను. ఇంకొక్కసారి ఊది చూశాను. మళ్ళీ మోగింది. మూడోసారి ఊదాను. అదే మోత. సాయంత్రం మైదానం నుంచి వినపడేదే, "అమ్మా వచ్చేస్తున్నాం, వడ్డించు" అన్నట్టు. ఊపిరి నాది, మోత వాడిది. ఎన్నిసార్లు ఊదినా అయిపోదురా అది. అనవసరంగా రెండేళ్ళు భయపడ్డాను.

సంజాయిషీ రాయమని కాగితం ఇచ్చారు. "నా కొడుకు బంతి పట్టుకున్నాడు" అని రాశాను. ఏ కొడుకు అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

వచ్చే శుక్రవారం బస్సెక్కుతున్నాను. గొలుసు నేనే వేస్తాను, కొక్కెం పెట్టడానికి కళ్ళజోడు తెచ్చుకుంటాను. సాక్సులు ఉతికి పెట్టు. ఇంక వాటిలో దాచాల్సిందేమీ లేదు.

ఈలోపు ఫోను చెయ్యి. ఇద్దరికీ మాట రాకపోతే నీ ఈల నువ్వు ఊదు, నా ఈల నేను ఊదుతాను.

అమ్మ